పందికి రివాల్వరా?

అడవిపందిని రివాల్వర్‌తో కొడతానన్న మనిషిని ముందు తోట గట్టు దాటించాలి. పంది సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నూజివీడు చుట్టుపక్కల, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట దాకా, మామిడి కాపు మొదలైతే రెండు కబుర్లు తప్పవు. నున్న మార్కెట్లో బంగినపల్లి టన్ను ఎంత పలికింది అన్నది ఒకటి. నిన్న రాత్రి పందులు ఎవరి చేలో పడ్డాయన్నది రెండోది. నిజం చెప్పాలంటే చెట్టు మీది కాయకు పంది చేసే చేటు తక్కువ, ఆ పాపం కోతులది. పంది రాలుకాయ తింటుంది, డ్రిప్పు పైపులు పెకలిస్తుంది, తోట పక్కన మొక్కజొన్న ఉంటే తెల్లారేసరికి నేలమట్టం చేస్తుంది, లేత పామాయిల్ మొక్కను మొవ్వతో సహా నమిలేస్తుంది. పెట్టుబడి పెట్టినవాడికి ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

ఆ మంట పది నిమిషాల్లో తుపాకీ ముచ్చటగా మారిపోవడం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఒకాయన తన దగ్గర లైసెన్సు పాయింట్ 32 ఉందని చొక్కా అంచు కాస్త పైకి లాగి చూపిస్తాడు. సెలవులకు టెక్సాస్ నుంచి వచ్చిన కుర్రాడు నవ్వి, "దానికి పందేం పడుతుంది బాబాయ్, ఫార్టీఫోర్ మాగ్నం ఉండాలి" అంటాడు. ఇంకొకడు ఫోన్ తీసి ఫైవ్ హండ్రెడ్ మాగ్నం వీడియో పెడతాడు. చుట్టూ జనం మూగుతారు. ఏ తూటా గొప్పదో తేల్చడానికి అక్కడే పంచాయితీ. కాల్చిన జంతువు ఎంతసేపట్లో చావాలని మాత్రం ఒక్కడూ అడగడు. తూటా ఎంచుకోవాల్సింది ఆ లెక్క ప్రకారమే.

ముందు ఆ నడుము మీది సరుకు సంగతి చూద్దాం. కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ చేసే రివాల్వర్‌లో పడేది 1896లో పుట్టిన పాయింట్ 32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా. సీసపు గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాముల పైచిలుకు. వేగం సెకనుకు ఏడెనిమిది వందల అడుగులు. గొట్టం దాటేటప్పుడు దాని బలం సుమారు 120 ఫుట్-పౌండ్లు. కుందేళ్లకు వాడే పాయింట్ 22 రైఫిల్ బలం కూడా ఇంచుమించు ఇంతే. 2014లో మహిళల రక్షణకంటూ లక్షా ఇరవై వేల పైచిలుకు ధరకు తెచ్చిన నిర్భీక్‌లో పడేదీ ఇదే. ఈమధ్య ఉత్తరప్రదేశ్ సండీలాలో వెబ్లీ పేరుతో చేస్తున్నదాంట్లోనూ ఇదే. పేరు మారింది, పిడి మీది చెక్క మారింది, తూటా మారలేదు.

ఇప్పుడు ఆ గుండుకు ఎదురుగా ఉన్నదేమిటో చూడండి. ఎదిగిన మగపంది వంద కిలోలకు అటూఇటూ తూగుతుంది. భుజాల మీద, పక్కటెముకల మొదట్లో చర్మం కింద మందపాటి గట్టి పొర ఉంటుంది. మగపందులు ఒకదాన్నొకటి కోరలతో చీరుకునేటప్పుడు ప్రాణం కాపాడేది ఆ పొరే. దాని మీద బురద, ఆ బురద మీద చెట్టుకు రుద్దుకున్న జిగురు. గుండెకాయ మనం అనుకున్నంత పైన ఉండదు. రొమ్ములో బాగా కింద, ముందుకాలి మోచేతి వెనక దాక్కుని ఉంటుంది. మెడ మీద గూనిలా లేచి కనిపించేది చాలావరకు వెంట్రుకా కండే. చేతకానివాడు కొట్టేది ఆ గూనినే. వెన్నెముకకు అదురు తగిలి పంది దబ్బున పడుతుంది. వీడు కేక పెట్టి దగ్గరికి పరిగెత్తుతాడు. అది లేస్తుంది. తర్వాత ఏమవుతుందో కోర తగిలిన తొడను కుట్టిన డాక్టర్ని అడగండి.

తగలకూడని చోట తగిలితే ఇంకా ఘోరం. నేల మీది నెత్తురు చూసి చెప్పొచ్చు. నురగ కట్టి లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, ఎంతో దూరం పోదు. ముదురు రంగులో పసరు కలిసి కంపు కొడుతుంటే పేగులు తెగినట్టు. ఆ పంది మూడు తోటలు దాటి ఏ కాలవ గట్టు తుప్పలోనో పడుకుని గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ చస్తుంది. ఈలోగా పొద్దున్నే రాలుకాయ ఏరడానికి వచ్చిన కూలి ఆడమనిషి ఆ తుప్ప దగ్గర వంగుతుంది. కాల్చినవాడు అప్పటికి ఇంట్లో నిద్రపోతుంటాడు. వీడి సరదాకు జవాబు చెప్పాల్సింది ఆమె కాళ్లు.

సరే, చిన్న తూటా పనికిరాదు. మరి పెద్దది? అమెరికా కుర్రాడి మాటలో కొంత నిజముంది, దాన్ని కాదనను. 1935లో పాయింట్ 357 మాగ్నం వచ్చింది. ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, రాతగాడు, పాత పాయింట్ 44 స్పెషల్‌లో మందు దట్టించి ఏళ్ల తరబడి పేల్చి చూసి కంపెనీల వెంటపడితే 1955లో పాయింట్ 44 మాగ్నం బయటికొచ్చింది. 240 గ్రెయిన్ల గుండు, రకాన్ని బట్టి 750 నుంచి 1000 ఫుట్-పౌండ్ల బలం. డిక్ కాసుల్ చేసిన పాయింట్ 454 తూటాకు 1983లో ఫ్రీడమ్ ఆర్మ్స్ రివాల్వర్ దొరికింది. 2003లో స్మిత్ అండ్ వెసన్ పాయింట్ 500 తెచ్చింది. దాని బలం 2500 ఫుట్-పౌండ్లు దాటుతుంది, అంటే కొన్ని రైఫిళ్ల సరసన కూర్చుంటుంది. పొడుగు గొట్టం రకం రెండు కిలోల బరువు, పట్టేది అయిదు తూటాలు.

వీటితో నిజంగా వేటాడేవాళ్లు తూటాను బలం అంకె చూసి కొనరు. రివాల్వర్ గుండుకు రైఫిల్ గుండుకున్న వేగం ఉండదు. రైఫిల్ గుండు వేగంతోనే చుట్టుపక్కల కండను కూడా ఛిద్రం చేస్తుంది. రివాల్వర్ గుండు తాను వెళ్లిన దారిలో బెజ్జం మాత్రమే చేస్తుంది. అందుకే ఆ బెజ్జం లావుగా ఉండాలి, ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోవాలి. కీత్ లాంటివాళ్లు గట్టి సీసం పోతపోసిన, ముక్కు చదునుగా ఉండే బరువు గుండ్లు కోరింది ఇందుకే. మనిషి మీద వాడటానికి చేసిన, తగలగానే పువ్వులా విచ్చుకునే గుండు పంది భుజం పొరలోనే విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. మన ఫోన్ వీరులకు ఈ ముక్క ఒక్కడికీ తెలియదు. వాళ్లకు కావాల్సింది చప్పుడు, వెనక్కి ఎగిరే చెయ్యి.

ఆ ఎగిరే చెయ్యే అసలు జబ్బు. పాయింట్ 44 మొదటిసారి పేల్చినవాడు రెండోసారి మీట నొక్కే ముందే తెలియకుండా కళ్లు మూస్తాడు, మణికట్టు కిందికి వంచుతాడు. గుండు పంది కాళ్ల ముందు నేలలో దిగుతుంది. ఆ అలవాటు పోవాలంటే వందల తూటాలు పేల్చి సాధన చేయాలి. అమెరికాలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా యాభై గజాలు, మహా అయితే వంద గజాలు అని హద్దు గీసుకుంటారు. పట్టపగలు, దన్ను పెట్టుకుని, నిలబడ్డ జంతువు మీద. మన చిన్నరసం తోటలో ముదురు చెట్ల కొమ్మలు నేలను రాస్తుంటాయి. రాత్రి రెండింటికి, టార్చి వెలుగులో, కదిలే మంద మీద, ఒంటి చేత్తో వీళ్లు కొడతారట! ప్రతి తోటలో ఒక కావలి గుడిసె ఉంటుందనీ, గుత్తకు తీసుకున్నవాడి పిల్లలు అందులో పడుకుని ఉంటారనీ కూడా మరిచిపోయి.

టెక్సాస్ పోలిక కూడా మానేస్తే మంచిది. అక్కడ ఆ పంది బయటి నుంచి తెచ్చిన జాతి. 2019 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, దాన్ని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అడగడం లేదు. ఇక్కడి పంది ఇక్కడి అడవిది, చిరుతకు, పులికి తిండి. 1972 వన్యప్రాణి చట్టం కింద, 2022 సవరణ తర్వాత, రక్షిత జంతువుల రెండో షెడ్యూలులో ఉంది. ఇక తూటాల మాటకొస్తే పాయింట్ 38, పాయింట్ 455 మన దేశంలో నిషిద్ధ బోర్లు. సైన్యం, పోలీసులు వాడే తూటాలు జనం చేతికి రాకూడదని పెట్టిన నియమం అది. పాయింట్ 32 మనకు దక్కింది కూడా ఆ భయం వల్లే. 1980ల నడుమ నుంచి మామూలు పౌరుడు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే దారి కూడా మూతపడింది. కాబట్టి 44 గొప్పదా 500 గొప్పదా అన్న చర్చ నూజివీడులో కూర్చుని చంద్రుడి మీద స్థలాల రేట్లు మాట్లాడుకోవడమే.

పెద్ద గుండు చేతి తుపాకీని అడవి జంతువు మీద వాడిన చరిత్ర ఈ దేశానికి లేకపోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఏనుగు అంబారీ మీద కూర్చుని పులివేటకు వెళ్లే దొరల కోసం లండన్ పనివాళ్లు హౌదా పిస్తోళ్లు చేసేవారు. రెండు గొట్టాలు, కొన్నింటికి నాలుగు, లోపల బొటనవేలు దూరేంత బెజ్జం. అది వేటకు కాదు. వేట రైఫిల్‌తో. రైఫిల్ దెబ్బ తప్పి, గాయపడ్డ పులి ఏనుగు కుంభస్థలం మీదికి దూకితే, మూరెడు దూరంలో దాని నోట్లోకి పేల్చడానికి. ప్రాణం మీదికొచ్చినప్పటి ఆఖరి పనిముట్టు. చామల, మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ భుజాన ఉన్నది పాయింట్ 405 వించెస్టర్ రైఫిలే. దొరలకు వేరే పిచ్చి ఉండేది లెండి. గుర్రం పరిగెత్తే నేల మీద పందిని తుపాకీతో కొట్టడం వాళ్లకు పరువు తక్కువ, బల్లెంతోనే పొడవాలి. స్కౌట్లు పెట్టిన బేడెన్ పావెల్ 1889లో ఆ పొడవడం మీద పుస్తకమే రాశాడు. జంతువు చావు కన్నా మన దర్జా ముఖ్యమన్న జబ్బు అప్పటిదే. దొర పోయాడు, దర్జా పాయింట్ 32 పెట్టుకుని మన మధ్యే తిరుగుతోంది.

రైతుకు తుపాకీ అక్కర్లేదని నేననడం లేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. పంట కాపలాకు రైతు అడిగితే ఇవ్వాల్సింది మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీ. అది చాలదని అధికారి నమ్మితే, ఇరవై అంగుళాలకు తగ్గని, లోపల గాడుల్లేని గొట్టమున్న మరో తుపాకీ. పొడుగు గొట్టం అని చట్టమే చెబుతోంది. పంట పేరు చెప్పి రివాల్వర్ ఇమ్మని అందులో ఎక్కడా లేదు. అయినా తోట యజమాని నడుముకు రివాల్వర్ ఉంది, తోటలో రాత్రంతా మేలుకునే కావలివాడి చేతిలో డబ్బా, కర్ర ఉన్నాయి. పైగా లైసెన్సు పన్నెండు బోరు ఉన్న రైతు గతి చూడండి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకీ స్టేషన్లో అప్పగించమంటారు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. మామిడి కాపు కాలం అంతా అందులోనే పోయింది. పందులకు కోడ్ లేదు.

అదే వన్యప్రాణి చట్టంలో 11వ సెక్షన్ ఉంది. రెండో షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికో, నిలబడ్డ పంటకో ముప్పుగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నమ్మితే, కారణం రాసి, ఫలానా చోట ఫలానా జంతువును కొట్టమని అనుమతి ఇవ్వొచ్చు. కాగితం మీద దారి వెడల్పుగానే ఉంది. తోట దగ్గర్నుంచి ఆ కాగితం దాకా నడవాల్సింది మాత్రం రైతే. పంది ఆ రాత్రే వస్తుంది. కాగితం ఎప్పుడొస్తుందో అడిగితే చెప్పే నాథుడు లేడు.

ఈ ఖాళీలో పుట్టిందే కరెంటు తీగ. చేను చుట్టూ మోకాలి ఎత్తున కర్రముక్కలు పాతి, సన్నటి బైండింగ్ వైరు చుట్టి, లైనుకు కొక్కెం తగిలిస్తారు. పందికి ముట్టె తగులుతుంది, అక్కడే కాలిపోతుంది. తెల్లవారుజామున మోటారు వేయడానికి వచ్చిన రైతుకు పిక్క తగులుతుంది. ఈ రాష్ట్రంలో ఏ జిల్లా పేపరు తిరగేసినా ఆ వార్త మీకు కనిపిస్తుంది: పందుల కోసం పెట్టిన తీగకు ఫలానా ఊళ్లో మనిషి బలి. ఒక్కోసారి తీగ వేసినవాడే, ఒక్కోసారి వాడి తమ్ముడు, ఒక్కోసారి పొరుగు చేని కౌలుదారు. రెండో పద్ధతి నాటుబాంబు. పిండిముద్దలోనో, పేగు ముక్కలోనో మందు చుట్టి పందుల దారిలో పెడతారు. కొరికిన పందికి దవడ ఎగిరిపోతుంది, ప్రాణం పోదు. దవడ లేని పంది తినలేక, తాగలేక చస్తుంది. అదే ముద్దను ఆవు కొరుకుతుంది, కుక్క కొరుకుతుంది. బంతి అనుకుని పిల్లవాడు తీస్తాడు.

ఏ తూటా మంచిదని అరగంట వాదించిన నోళ్లు ఈ తీగ మాటెత్తవు. అందులో దర్జా లేదు కదా.

మరి కాల్చడం నేర్చినవాళ్లను పిలిస్తే? పిలిచారు. 2016 జూన్‌లో బీహార్ మొకామాలో నీల్‌గాయ్‌లను కొట్టడానికి హైదరాబాద్ వేటగాళ్లు వెళ్లి సుమారు 250 జంతువులను కూల్చారు. దాని మీద ఢిల్లీలో ఇద్దరు కేంద్రమంత్రులు, మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్, బహిరంగంగా దెబ్బలాడుకున్నారు. 2018 నవంబర్ 2 రాత్రి యవత్మాల్‌లో అవని అనే ఆడపులిని హైదరాబాద్ వేటగాడు షఫత్ అలీ ఖాన్ కొడుకు కాల్చాడు. ఆత్మరక్షణ కోసమే అని వాళ్ల వాదన. నియమాలు పాటించలేదని జాతీయ పులుల సంరక్షణ సంస్థ కమిటీ తేల్చింది. ఈ రెండూ చూపించి "అందుకే ఎవరినీ పిలవొద్దు" అనేవాళ్లున్నారు. నాకు అర్థమైంది ఇంకొకటి. కాల్చేవాడి నైపుణ్యం ఒక్కటే చాలదు. ఏ గంటకు, ఎక్కడి నుంచి, ఏ తుపాకీతో, పక్కన ఎవరుండగా అన్నది ముందే రాసి ఉండాలి, అది తప్పితే జవాబు చెప్పే అధికారి పేరు కూడా ఉండాలి.

అందుకే నా కోరిక చిన్నది, మొండిది. అటవీ శాఖ జిల్లాకో జాబితా పెట్టాలి. గురి పరీక్ష నెగ్గినవాళ్లే అందులో ఉండాలి, ఎవరి సిఫార్సు పనిచేయకూడదు. తుపాకీ పొడుగు గొట్టందే కావాలి, పాయింట్ 315 రైఫిలో, దగ్గరి దూరానికి లావు గుళ్లుండే ఎల్జీ తూటా వేసిన పన్నెండు బోరో. మంచె మీద కూర్చుని కిందికి కాల్చాలి, తప్పిన గుండు నేలలోకి పోతుంది తప్ప పక్క తోట గుడిసెలోకి పోదు. గాయపడ్డదాన్ని వెతికి చంపేదాకా అక్కడి నుంచి కదలకూడదు. చచ్చిన పంది ప్రభుత్వానిది, దాని మాంసం ఎవరి పొయ్యి మీదికీ వెళ్లకూడదు, వెళ్లిందా రెండో వారానికే ఈ ఏర్పాటు మాంసం వ్యాపారమవుతుంది. ముందు కాల్చకుండా చేయగలిగినవన్నీ చేయాలి. చేను చుట్టూ పాత చీరలు కట్టడం, మంగలి షాపు జుట్టు చల్లడం, ఆముదం గట్టు వేయడం మన రైతులకు తెలిసినవే. కొన్నాళ్లు పనిచేస్తాయి, పందులు అలవాటు పడతాయి. అప్పుడు తుపాకీ. రివాల్వర్ మాత్రం, చిన్నదైనా పెద్దదైనా, కాన్పూర్‌దైనా అమెరికాదైనా, ఆ జాబితాలోకి రాకూడదు.

జంతుప్రేమికులు నన్ను తిడతారని తెలుసు. తిట్టండి. తీగ మీద కాలిన పందిని ఒక్కసారి దగ్గర నుంచి చూసి, ఆ తర్వాత తిట్టండి.

చదువుతున్న రైతు సోదరుడికి ఒక్క మాట. ఈ కాపుకు ముందే పది మంది కలిసి 11వ సెక్షన్ కింద దరఖాస్తు రాసి రేంజి ఆఫీసులో ఇవ్వండి. పంట నష్టం ఫోటోలు, సర్వే నంబర్లు జత చేయండి. రసీదు లేకుండా గడప దిగకండి. నెల దాటినా జవాబు రాకపోతే ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. తీగ మాత్రం వేయకండి.